కోడి రామ్మూర్తి నాయుడు

కోడి రామ్మూర్తి నాయుడు ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో దేశమంతటా పేరుగాంచిన తెలుగు వ్యాయామవీరుడు, మల్లయోధుడు, సర్కస్ నిర్వాహకుడు. 1882 ప్రాంతంలో వీరఘట్టంలో జన్మించి 1942 జనవరి 16న ఒరిస్సాలోని బలంగీరులో మరణించాడు. తెలుగువారు ఇతనిని కలియుగ భీముడు అని పిలుచుకున్నారు. ఉత్తర భారతదేశంలో, బెంగాలులో, మహారాష్ట్రంలో ఇతడు ప్రొఫెసర్ రామమూర్తిగా ప్రసిద్ధుడు. ఛాతీకి చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి పూరించి తెంచడం, నడవబోయే మోటారు కారును ఆపడం, రొమ్ము మీదుగా ఏనుగును నడిపించుకోవడం ఇతని ముఖ్య ప్రదర్శనలు.

ఆ రోజులలో సర్కస్ కంపెనీ నడిపేవారు తమ పేరుకు ముందు ప్రొఫెసర్ అని చేర్చుకోవడం పరిపాటి. కలకత్తాలో గ్రేట్ బెంగాల్ సర్కస్ నడిపిన ప్రియనాథ్ బోస్ కూడా ప్రొఫెసర్ బోస్‌గానే ప్రసిద్ధుడు. అందుచేత ఈ మాటను కళాశాల పదవిగా భావించకూడదు. అయితే రామ్మూర్తి సర్కస్ పెట్టకముందు నిజంగానే బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు.

బాల్యము

రామ్మూర్తి స్వస్థలం వీరఘట్టం. అప్పటికి అది మద్రాసు రాజధానిలోని ఊరు. తరువాత శ్రీకాకుళం జిల్లాలోను, 2022 ఏప్రిల్ నుండి పార్వతీపురం మన్యం జిల్లాలోను ఉంది. తండ్రి కోడి వెంకన్న నాయుడు. తల్లి చిన్నతనంలోనే చనిపోయింది. తల్లిలేని పిల్లవాడు కావడంతో గారాబం ఎక్కువై, చదువుమీద శ్రద్ధ లేక, తగవులలో ముందుండేవాడట. దానితో తండ్రి ఇతనిని విజయనగరంలో పోలీసు శాఖలో పనిచేస్తున్న తన తమ్ముడు నారాయణస్వామి వద్దకు పంపాడు. రామ్మూర్తి జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన ఇదే.

ఇతని బాల్యం గురించి రెండు రకాల కథనాలు వ్యాప్తిలో ఉన్నాయి. తెలుగునాట చెప్పుకునే కథలలో ఇతడు పుట్టుకతోనే బలశాలి. వేకువనే ఊరి చెరువు వద్దకు పోయి కసరత్తు చేసేవాడనీ, అక్కడ ఒక సాధువు తారసపడి మంత్రోపదేశం చేశాడనీ అంటారు. ఉత్తరాదిన ప్రచారంలో ఉన్న కథనంలోనైతే ఇతడు చిన్నతనంలో ఉబ్బసంతో బాధపడిన బలహీనుడు, భీముడు, హనుమంతుడు మొదలైనవారి గాథలు విని వారివలె కావాలని పట్టుబట్టి దేహాన్ని పెంచుకున్నవాడు. రెండవ కథ వ్యాయామ ప్రచారానికి బాగా పనికివచ్చింది. మొదటిది ఊరివారికి గర్వకారణమైంది. రెండింటికీ ఉమ్మడి అంశం ఒకటుంది. ఏ కథలో చూసినా రామ్మూర్తి బలానికి మూలం శ్వాసే.

విజయనగరము, సైదాపేట

విజయనగరం అప్పటికి గజపతుల సంస్థానానికి కేంద్రం. సంగీత సాహిత్యాలకు ఎంత ఆదరణ ఉండేదో కుస్తీకి, సాముగరిడీలకు కూడా అంత ఆదరణ ఉండేది. కళింగాంధ్రలో పల్లెపల్లెకూ ఏదో ఒక రూపంలో బలప్రదర్శన ఆచారం ఉంది. సంక్రాంతికి సంగిడి రాళ్ళు ఎత్తే పోటీలు ఆ కోవలోనివే. తెలుగుదేశంలో వ్యాయామశాలకు తాలింఖానా అని పేరు. గోదావరి ప్రాంతంలోను ఈ సంప్రదాయం బలంగా ఉండేది. అమలాపురంలో దసరాకు జరిగే చెడీ తాలింఖానా దానికి నిలిచి ఉన్న గుర్తు. తాలింఖానాలో నేర్పేవి దండీలు, బస్కీలు, కర్రసాము, కత్తిసాము, కుస్తీ పట్లు. గురువు ఉండేవాడు, హనుమంతుని పటం ఉండేది, ఎర్రమట్టి గోదా ఉండేది. పాఠ్యపుస్తకం మాత్రం లేదు.

పినతండ్రి రామ్మూర్తిని ఇటువంటి వ్యాయామశాలలో చేర్చాడు. కొద్దికాలంలోనే ఇతడు పట్టణంలోని పేరుమోసిన వస్తాదులతో కుస్తీకి దిగగలిగాడు. ఇరవైయొక్క ఏళ్ళకే రొమ్ముపై ఒకటిన్నర టన్నుల బరువును మోసేవాడనీ, అనంతరం అది మూడు టన్నులకు పెరిగిందనీ జీవితచరిత్రకారులు వ్రాశారు.

చదువులో వెనుకబడినా వ్యాయామాన్నే వృత్తిగా చేసుకునే మార్గం ఇతనికి దొరికింది. పినతండ్రి మద్రాసు పంపగా సైదాపేటలో వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణ పొందాడు. ఆంగ్లేయ పద్ధతి జిమ్నాస్టిక్స్ అంటే సమాంతర దండములు, అడ్డకమ్మీ, ఉయ్యాల వంటి సాధనాల మీద చేసే విన్యాసాలు. వాటిలో లెక్క ఉంటుంది, క్రమం ఉంటుంది, తరగతికంతటికీ ఒకేసారి నేర్పే వీలుంటుంది. తాలింఖానా విద్య గురుశిష్యుల మధ్య నడిచేది. ఈ రెండింటినీ అభ్యసించిన తొలితరం తెలుగువారిలో రామ్మూర్తి ఒకడు. శిక్షణ ముగించుకొని విజయనగరం వచ్చి, తాను చదివిన పాఠశాలలోనే వ్యాయామ ఉపాధ్యాయుడయ్యాడు.

శ్వాసబలము

రామ్మూర్తి ప్రదర్శనలలో బరువులెత్తడం కంటె శ్వాసను బంధించడానికి ప్రాధాన్యం ఎక్కువ. ఇతడు ప్రాణాయామాన్ని నిష్ఠగా అభ్యసించాడు. శాకాహారి. వాయుస్తంభనం, జలస్తంభనం అనే యోగవిద్యలలో నిపుణుడని ప్రసిద్ధి. మాంసం తిననిదే బలం రాదని నాటి చదువుకున్నవారిలో పాతుకుపోయిన నమ్మకానికి ఇతని దేహమే సమాధానమైంది.

గొలుసు తెంచే ప్రదర్శనలో ఊపిరి బయటకు వదిలి ఛాతీ ముడుచుకున్న స్థితిలో గొలుసును బిగువుగా చుట్టించుకునేవాడు. ఆ తరువాత నెమ్మదిగా ఊపిరి పూరించేవాడు. విస్తరించే పక్కటెముకలు, బిగిసే భుజకండరాలు కలసి గొలుసును నలువైపులా నెట్టుతాయి. గొలుసులో అన్నిటికంటె బలహీనమైన లంకె విడిపోతుంది.

ఏనుగు ప్రదర్శన దీనికంటె ప్రమాదకరం. వీరుడు వెల్లకిల పడుకుంటాడు. అతని రొమ్ము మీద బలమైన చెక్క పరుస్తారు. మావటి ఏనుగును ఆ చెక్క మీదికి నడిపిస్తాడు. ఎదిగిన ఆడ ఏనుగు సుమారు రెండున్నర నుండి మూడు టన్నుల బరువుంటుంది. చెక్క ఒరిగి నేలను తాకే చోట కొంత బరువు నేల మీదికి పోతుంది గనుక మొత్తం బరువు ఒకేసారి మనిషి మీద పడదు. అయినా మిగిలినది తక్కువేమీ కాదు. ఊపిరి నిండుగా పట్టి గొంతు బంధించినప్పుడు ఛాతీ లోపలి గాలి పక్కటెముకలకు ఊతగా నిలుస్తుంది. ఆ క్షణంలో దగ్గు వచ్చినా, ఊపిరి జారినా ఊత పోతుంది. రామ్మూర్తి ఏనుగును అయిదు నిమిషాల సేపు రొమ్ముమీద నిలిపేవాడని చెబుతారు. చెక్కను కూడా నమ్మలేము. విదేశ పర్యటనలో ఒకసారి చెక్క విరిగి ఇతని పక్కటెముకలు దెబ్బతిన్నాయనీ, శస్త్రచికిత్స జరిగి కొన్ని నెలలు మంచాన ఉండవలసి వచ్చిందనీ జీవితచరిత్రలు తెలుపుతున్నాయి.

కార్ల ప్రదర్శనలో రెండు భుజాలకు కట్టిన తాళ్ళను రెండు కార్లకు తగిలించి, వాటిని ఎదురెదురు దిక్కులకు నడపమనేవాడు. నాటి కార్ల శక్తి నేటి కార్లతో పోల్చితే చాలా తక్కువ. పైగా కారు కదలకముందే తాడు బిగిసి ఉంటుంది కనుక, వేగం అందుకున్న కారును ఆపడం వంటిది కాదు ఇది. రెండు లాగుళ్ళూ సమానంగా ఉన్నంతసేపు మనిషి ఒక పక్కకు ఒరగడు. కాని ఆ రెండు లాగుళ్ళూ కలిసేది అతని భుజాల కీళ్ళ వద్ద. ఒక డ్రైవరు క్షణం ముందు ఇంజను పెంచినా కీలు తప్పిపోవచ్చు. ఇటువంటి వివరాలు తెలిసినందువల్ల రామ్మూర్తి గొప్పతనం తగ్గదు. ఇతని సాధన ఎంత లెక్కతో కూడినదో వాటివల్లనే తెలుస్తుంది.

సర్కస్ కంపెనీ

భారతీయ సర్కస్‌కు ఆద్యుడు మహారాష్ట్రకు చెందిన విష్ణుపంత్ ఛత్రే. 1880లో అతడు తొలి కంపెనీని ప్రారంభించాడు. తరువాత బెంగాలులో ప్రియనాథ్ బోస్, మలబారులోని తలశ్శేరిలో కీలేరి కున్హికణ్ణన్ ఈ విద్యను పెంచారు. తెలుగునాట ఆ స్థానం రామ్మూర్తిది. పొట్టి పంతులు అనే మిత్రుని సహకారంతో విజయనగరంలో ఇతడు సర్కస్ కంపెనీ పెట్టాడు. జమీందారులు, సంపన్నులు తోడ్పడ్డారు. తెలుగు జిల్లాలలో ప్రదర్శనలిచ్చి, 1912 ప్రాంతంలో మద్రాసు చేరాడు.

గుడారం, జంతువులు, వాటి మేత, పనివారి జీతాలు, రైలు పెట్టెల అద్దె, ప్రతి ఊళ్ళోను అధికారుల అనుమతులు అన్నీ యజమాని చూసుకోవలసినవే. సాయంత్రమయ్యేసరికి అదే యజమాని ఏనుగు కింద పడుకోవాలి. ఇతర కంపెనీల యజమానులు ఆటగాళ్ళకు జీతాలిచ్చి ఆడించేవారు. రామ్మూర్తి కంపెనీలో ముఖ్యమైన ఆట యజమానిదే. జనం టిక్కెట్టు కొన్నది ఇతనిని చూడటానికే. కాబట్టి ఇతని ఆరోగ్యమే కంపెనీ మూలధనం.

అయినా ఇతడు శిష్యులను తీర్చిదిద్దాడు. వారిలో ముఖ్యుడు భీమ్ భవానీగా పేరొందిన బెంగాలీ మల్లుడు భవేంద్రమోహన్ సాహా. కలకత్తాలో రామ్మూర్తి ప్రదర్శన చూసి ముగ్ధుడైన ఆ యువకుడు ఇల్లు విడిచి కంపెనీతో వెళ్ళిపోయాడు. రంగూను, సింగపూరు, జావా తిరిగాడు. గురువు చేసే ఏనుగు, మోటారు కారు విన్యాసాలను నేర్చుకొని తరువాత వేరొక సర్కస్‌లో చేరి సొంతంగా పేరు తెచ్చుకున్నాడు. ముప్ఫయి మూడేళ్ళైనా నిండకుండా 1922లో మరణించాడు. బెంగాలు వ్యాయామ చరిత్రలో భీమ్ భవానీకి పెద్ద స్థానముంది. అతని గురువు తెలుగువాడన్న సంగతి మాత్రం తెలుగువారిలో కొద్దిమందికే తెలుసు.

స్వదేశీ కాలము

రామ్మూర్తి పేరు ఇంతగా వ్యాపించడానికి నాటి దేశకాల పరిస్థితులు కూడా కారణం. భారతీయులు, అందులోను బెంగాలీలు, శారీరకంగా దుర్బలులని మెకాలే వంటి ఆంగ్లేయులు వ్రాసిన మాటలు చదువుకున్నవారిని చాలాకాలం బాధించాయి. 1902లో కలకత్తాలో అనుశీలన సమితి వ్యాయామశాల రూపంలోనే మొదలైంది. 1905లో బెంగాలు విభజనతో స్వదేశీ ఉద్యమం రేగింది. పూనాలో తిలక్ ప్రారంభించిన గణపతి ఉత్సవాలతోపాటు అఖాడాలకు కూడా కొత్త ఉత్సాహం వచ్చింది. దేహబలం రాజకీయ విషయమైంది.

అదే కాలంలో యూరపు నుండి యూజిన్ సాండో అనే జర్మను బలశాలి లోకమంతటా తిరిగి, వ్యాయామ సాధనాలు అమ్మి పేరూ ధనమూ సంపాదించాడు. 1904-05లో భారతదేశంలో కూడా పర్యటించాడు. చదువుకున్న యువకుల గదులలో అతని పటాలు వెలిశాయి. మద్రాసులో రామ్మూర్తి సాండోను పోటీకి పిలిచాడనీ, ఇతడు మోసే బరువు సంగతి తెలిసి సాండో తప్పుకున్నాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. అది వీరగాథల కోవలోనిది. పత్రికలలో ఇతనిని ఇండియన్ సాండో అన్నవారున్నారు గాని, స్వదేశీ అభిమానులకు ఆ పోలిక రుచించలేదు. పంజాబుకు చెందిన గామా 1910లో లండను వెళ్ళి పాశ్చాత్య మల్లులను ఎదుర్కోవడం, రామ్మూర్తి ఊరూరా ఏనుగును రొమ్మున మోయడం ఒకే కాలంలో జరిగాయి. పరాయి పాలనలో ఉన్న జనానికి ఈ ఇద్దరూ కన్నుల పండువయ్యారు.

పూనాలో తిలక్ ఇతని ప్రదర్శన చూసి మల్లమార్తాండ బిరుదుతో సత్కరించాడనీ, విదేశాలకు వెళ్ళి దేశప్రతిష్ఠ నిలపమని ప్రోత్సహించాడనీ చెబుతారు. అలహాబాదులో జరిగిన కాంగ్రెసు మహాసభ సందర్భంగా మదనమోహన మాలవ్యా పిలుపుపై రామ్మూర్తి ప్రదర్శనలిచ్చినట్లు చరిత్రకారులు వ్రాశారు. అలహాబాదు కాంగ్రెసు 1910 డిసెంబరులో జరిగింది. రాజప్రతినిధి లార్డు మింటో విశాఖపట్నంలో స్వయంగా కారు నడిపి, గొలుసు పట్టుకున్న రామ్మూర్తిని లాగలేకపోయాడన్న కథ ఇతని జీవితచరిత్రలన్నింటిలోను ఉంది. మింటో 1905 నుండి 1910 వరకు రాజప్రతినిధిగా ఉన్నాడు. తెల్లదొర నడిపే బండిని నల్లవాడు కదలనివ్వలేదు అన్న చిత్రం జనం మనసులలో నిలిచిపోయింది. ఈ ఒక్క కథ ఇంతగా వ్యాపించడానికి కారణం అదే.

మల్లరాజతిలక, జగదేకవీర వంటి బిరుదులు కూడా వచ్చాయి. బిరుదులకంటె తాలింఖానాలలో ఇతని పటం పెట్టుకున్న కుర్రవాళ్ళ సంఖ్య పెద్దది.

విదేశ పర్యటన

రామ్మూర్తి కంపెనీతో ఇంగ్లండు, ఫ్రాన్సు, స్పెయిను మొదలైన దేశాలు తిరిగాడని జీవితచరిత్రలు చెబుతున్నాయి. లండనులో అయిదవ జార్జి చక్రవర్తి, మేరీ రాణి ఇతని విద్యను చూసి మెచ్చారనీ, ఇండియన్ హెర్క్యులిస్ బిరుదు ఇచ్చారనీ ప్రతీతి. హెర్క్యులిస్ గ్రీకు పురాణాలలోని మహాబలుడు. స్వదేశీ సభలలో చప్పట్లందుకున్న వీరుని మెచ్చి చక్రవర్తి కూడా బిరుదునిచ్చాడని జనం సంతోషంగా చెప్పుకున్నారు. కారు కదలని కథలో దొర ఓడిపోవడం, ఈ కథలో దొర మెచ్చుకోవడం వారికి పరస్పర విరుద్ధంగా తోచలేదు.

స్పెయినులో ఎద్దుపోరు చూడటానికి వెళ్ళి, అక్కడివారు సవాలు చేయగా ముందుగా ఏ అభ్యాసమూ లేకుండా బరిలో దిగి, ఎద్దు కొమ్ములు పట్టి పడవేశాడన్నది మరొక కథ. ఆసియా దేశాలలోను కంపెనీ ప్రదర్శనలిచ్చింది. బర్మాలో అసూయాపరులు ప్రాణహాని తలపెట్టడంతో స్వదేశానికి మరలివచ్చాడని అంటారు. సంపాదించిన సొమ్ము దానధర్మాలకు, జాతీయోద్యమానికి పెద్ద మొత్తాలలో వెచ్చించాడని ప్రసిద్ధి. దాచుకున్నవాడని మాత్రం ఎవరూ చెప్పలేదు.

చివరి రోజులు

సర్కస్ నిలబడింది ఒక మనిషి దేహం మీద. ఆ దేహానికి రోగం వచ్చినప్పుడు కంపెనీకి వేరే ఆధారం లేకపోయింది. రామ్మూర్తి కాలికి రాచపుండు లేచింది. ఈనాడు రాచపుండును సూక్ష్మజీవి నాశకాలతో నయం చేస్తారు. పెన్సిలిన్ సామాన్య వైద్యంలోకి రాకముందు అటువంటి పుండు ముదిరితే అవయవం తీసివేయడమే ప్రాణం కాపాడే మార్గం. ఇతని కాలు తీసివేశారు. శస్త్రచికిత్స సమయంలో మత్తుమందు వద్దని, ప్రాణాయామంతో బాధను నిగ్రహించుకున్నాడని జీవితచరిత్రలన్నీ ముక్తకంఠంతో చెబుతున్నాయి. గొలుసు తెంచిన ఊపిరితోనే ఈ కోతనూ భరించాడని అభిమానులు చెప్పుకున్నారు. ఏనుగును మోసినవాడు ఆ తరువాత ఒక అడుగు వేయడానికీ ఆసరా కోరవలసి వచ్చింది.

చివరి సంవత్సరాలు ఒరిస్సా సంస్థానాలలో గడిచాయి. కళాహండిలోను, బలంగీరులోను ఇతనికి ఆశ్రయం దొరికింది. బలంగీరు పట్నా సంస్థానానికి రాజధాని. పేరు ఒకటే కావడంతో కొన్ని రచనలలో ఇది బీహారులోని పాట్నా అని పొరబడ్డారు. ఈ సంస్థానం ఒరిస్సాది, 1948 జనవరిలో ఒరిస్సా రాష్ట్రంలో విలీనమైంది. రామ్మూర్తి మరణించిన నాటికి దాని పాలకుడు రాజేంద్ర నారాయణ సింగ్ దేవ్. ఆయన 1967లో ఒరిస్సా ముఖ్యమంత్రి అయ్యాడు.

1942 జనవరి 16న రామ్మూర్తి బలంగీరులో కన్నుమూశాడు. వయస్సు అరవై ఏళ్ళ ప్రాంతం. రెండవ ప్రపంచయుద్ధం అప్పటికి బర్మా సరిహద్దులకు చేరింది. ఒకప్పుడు ఇతని గుడారం వెలసిన రంగూను మీద 1941 డిసెంబరులోనే జపాను బాంబులు పడ్డాయి.

స్మారకములు

విశాఖపట్నం సముద్రతీరంలోని బీచ్ రోడ్డులో తెలుగు ప్రముఖుల విగ్రహాల వరుసలో రామ్మూర్తి విగ్రహం ఉంది. శ్రీకాకుళంలోని క్రీడామైదానానికి కోడి రామ్మూర్తి స్టేడియం అని పేరు పెట్టారు. తెలుగునాట పాఠశాల పిల్లలకు ఇతని కథ చెబుతూనే ఉన్నారు. అందులో ఏనుగు, కారు తప్పక ఉంటాయి. సైదాపేట శిక్షణ, విజయనగరం బడిలో చేసిన ఉపాధ్యాయ వృత్తి, భీమ్ భవానీ వంటి శిష్యుని ప్రస్తావన అరుదుగా వస్తాయి. ఒరిస్సాలో మరణించిన తెలుగువాడు, బెంగాలులో శిష్యుని మిగిల్చినవాడు, మహారాష్ట్రంలో బిరుదు పొందినవాడు కావడం వల్ల ఇతనిని గూర్చిన వ్రాతలు వేర్వేరు భాషలలో చెదరిపోయి ఉన్నాయి. తెలుగులో రామ్మూర్తి అనీ, బెంగాలీ, మరాఠీ, హిందీలలో రామమూర్తి అనీ ఉండటం గమనించి వెదకవలసి ఉంటుంది.